వ్యానులో పదకొండో మనిషి

మా మావయ్యకి దేవుడంటే భక్తి, ప్రసంగమంటే నిద్ర. ఈ రెంటికీ మధ్య ఆయన ఎప్పుడూ పేచీ రానివ్వలేదు. ఆదివారం మందిరంలో వెనక నుంచి రెండో బెంచీ, గోడ పక్కన, తల ఆనించుకోవడానికి వీలుండే చోటు ఆయనది. పాస్టరుగారు వాక్యం తెరవగానే చేతులు కట్టుకునేవారు, కళ్ళు మూసుకునేవారు, చూసేవాళ్ళకి ధ్యానంలా ఉండేది. ఐదు నిమిషాలయ్యాక ఆ ధ్యానానికి శబ్దం వచ్చేది. నేను కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. గురక వినపడితే ముందు బెంచీల్లో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఆయన్ని కాదు, నన్ను చూసేవారు, ఆయన్ని పెంచి పెద్దచేసింది నేనే అయినట్టు.

ముప్పై రెండేళ్ళు ఆయన బ్రెడ్డు ఫ్యాక్టరీలో వ్యాను నడిపారు. పొద్దున్నే ట్రేలు ఎక్కించుకోవడం, షాపు షాపుకీ దించడం, ఖాళీ ట్రేలు వెనక్కి తేవడం, అదీ ఉద్యోగం. ఎక్కించేటప్పుడు బ్రెడ్డు వంక చూసేవారు కాదు. ట్రే అంచుని రెండు వేళ్ళతో టక్కున తడుతూ లెక్కపెట్టేవారు. లెక్క సరిపోయిందా, తలుపు మూసి గడియ పెట్టడమే. "ఒక్కో రొట్టె మొహం చూస్తూ కూర్చుంటే ఊరంతా పస్తుంటుందమ్మాయ్" అనేవారు. ఆ ముప్పై రెండేళ్ళలో ఒక్క ట్రే కూడా తప్పలేదని చెప్పుకునేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం ఉండేది. ఉంటే ఉండనివ్వండి, నిజమే కదా.

ఉద్యోగం విరమించిన ఏడాదే అత్తయ్య పోయింది. ఇక చూడండి నా తిప్పలు. మనిషికి చేతిలో పని లేదు, ఇంట్లో మాట్లాడే తోడు లేదు. రోజంతా నా వెనకే వంటింట్లో. డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దేవారు. ఉప్పు కోసం వెతికితే పంచదార దొరికేది. ఒకరోజు నేను గరిటె విసిరికొట్టి, "మావయ్యా, మీరు ఈ వంటింట్లో ఉంటారా, నేనుండనా? ఏదో ఒకటి తేల్చండి" అన్నాను. ఆయన వెళ్ళి వసారాలో కూర్చున్నారు. ఆ కూర్చోవడం నేను చూడలేకపోయాను. మర్నాడే వెళ్ళి పాస్టరుగారి దగ్గర మొరపెట్టుకున్నాను.

అప్పట్లో సంఘానికి ఒక పాత వ్యాను ఉండేది. తమంతట తాము రాలేని ముసలివాళ్ళు పదకొండు మంది. వాళ్ళని ఇళ్ళనుంచి తెచ్చి, ఆరాధన అయ్యాక దింపే మనిషి లేక వ్యాను షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతోంది. పాస్టరుగారు వచ్చి అడిగితే మావయ్య ఆలోచించనైనా లేదు. తాళాలు తీసుకుని, వెంటనే వెళ్ళి, బకెట్టు నీళ్ళతో వ్యానంతా కడిగి వచ్చారు. ఆ సాయంత్రం అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

అలా నాలుగేళ్ళు. వానైనా ఎండైనా ఆయన వెళ్ళని ఆదివారం లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని చెయ్యిచ్చి ఎక్కించేవారు. చేతికర్ర మర్చిపోతే వెనక్కి తిప్పి తెచ్చేవారు. ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చి కాలు ఈడుస్తుంటే, వ్యాను మెట్టుకి కింద ఇంకో మెట్టు సొంతంగా చెక్కతో కొట్టి బిగించారు. అయితే ఆయన దృష్టిలో వాళ్ళకి పేర్లు లేవు. ఒకావిడ పచ్చగేటు. ఒకాయన మందులషాపు పక్క. ఇంకొకాయన రెండో మలుపు. చివరి స్టాపు బొత్తాల మామ్మది. తిరుగుప్రయాణంలో వ్యాను కదిలే ముందు ఆయన లోపలికి వంగి మనుషులున్న సీట్ల వెనక కమ్మీలని రెండు వేళ్ళతో టక్‌ టక్‌మని తడుతూ పదకొండు దాకా వెళ్ళేవారు. సరిపోగానే తలుపు మూసేవారు. మొహాలు చూడడం ఎక్కడా లేదు. నేనూ చూశానుగానీ ఏనాడూ తప్పుపట్టలేదు. ముప్పై రెండేళ్ళ అలవాటుకి ఎవరు వంక పెడతారు?

బొత్తాల మామ్మ సంగతి చెప్పాలి. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టీ కుట్టీ కళ్ళు పాడుచేసుకుంది. ఇప్పుడు వెలుతురూ చీకటీ తెలుస్తాయి, మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, అంతే. చెవులు మాత్రం పాము చెవులు. కొడుకు దగ్గర ఉంటుంది. అతను పనికి వెళ్తే తిరిగొచ్చేదాకా ఆవిడకి కిటికీ పక్క కుర్చీయే లోకం. వారం మొత్తంలో ఆదివారం ఒక్కటే బయటి గాలి. అందుకని శనివారం సాయంత్రమే జడ వేయించుకుని కూర్చునేది. వ్యాను గతుకులో పడితే, "అబ్బాయ్, గుడ్లు మోస్తున్నాననుకో, మెల్లగా" అని వెనక నుంచి కేకేసేది. "అలాగే మామ్మగారూ" అని మావయ్య ఇంకో గతుకులో వేసేవారు. ఆరాధన అయ్యాక అందరికీ టీ ఇస్తాం. మామ్మ తన గ్లాసు తనే కడగాలి, ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. గోడ పట్టుకుని మందిరం వెనక ఉన్న గిన్నెలు కడిగే గదికి వెళ్ళి, కడిగి బోర్లించి వచ్చేది. అక్కడినుంచి నేను చెయ్యి పట్టుకుని వ్యాను దాకా తీసుకొచ్చేదాన్ని.

ఆ ఆదివారం నేను తీసుకురాలేదు. ఇంట్లో బట్టలు ఆరేసి వచ్చాను, ఆరాధన మధ్యలో వాన మొదలైంది. చివరి ప్రార్థనకి ఆమెన్ అన్నానో లేదో, స్కూటరెక్కి ఇంటికి పరిగెత్తాను. ఎవరో ఒకరు మామ్మని చూసుకుంటారులే అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

మా మందిరానికీ పక్కనున్న కీళ్ళ డాక్టరు క్లినిక్కుకీ వాకిలి ఒకటే. మామ్మ గ్లాసు కడగడానికి వెళ్ళిన సమయానికి క్లినిక్కు బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కూతురు లోపల మందులు తీసుకుంటోంది. ఆయనకి మతిమరుపు జబ్బు. ఎదురుగా వ్యాను ఆగి ఉంది, తన వయసువాళ్ళంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కుతున్నారు. వానేమో ముంచుకొస్తోంది. ఆయనా తుండు తలమీద కప్పుకుని వెళ్ళి ఎక్కాడు. వెనక మూల సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. అది మామ్మ సీటు. పక్కనున్న పచ్చగేటావిడ, "కొత్తగా వచ్చారా?" అని అడిగిందట. "అవునండీ" అన్నాడట. "మంచిది" అందట ఆవిడ. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి, వ్యానులో కళ్ళజోళ్ళన్నీ ఆవిరి పట్టాయి. మావయ్య తడుస్తూ వచ్చి, లోపలికి వంగి, కమ్మీలు తట్టారు. పదకొండు. తలుపు మూశారు.

పది మందిని పది ఇళ్ళ దగ్గర దింపారు. చివరిగా మామ్మ ఇంటి ముందు ఆపేసరికి కొడుకు గొడుగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మావయ్య వెనక తలుపు తీసి చెయ్యి చాపారు. తుండు కింద నుంచి మీసాల మొహం ఒకటి బయటికి వచ్చింది.

"మీరెవరండీ?" అన్నారు మావయ్య.

"అది మీరే చెప్పాలి బాబూ" అన్నాడు పెద్దాయన. "నన్ను తీసుకొచ్చింది మీరే కదా."

"మా అమ్మేది?" అన్నాడు కొడుకు.

నేను మడతలు పెడుతున్న బట్టలమీద ఫోను మోగింది. మావయ్య గొంతు గుర్తుపట్టలేకపోయాను. "అమ్మాయ్, మామ్మ లేదు. లెక్క సరిపోయింది, మామ్మ లేదు" అన్నారు. నాకు గుండె గుభేలుమంది. అంత భయంలోనూ నోరు ఊరుకోలేదు. "లెక్కేంటి మావయ్యా, మనిషిని చూసుకోవద్దా? ముసలావిడ, కళ్ళు కనపడనావిడ! అవేమన్నా బ్రెడ్డు ట్రేలా?" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఇవాళైనా తీసుకుంటాను.

మామ్మ ఎప్పుడో ఒకసారి విసుగొచ్చి ఒంటరిగా బస్టాపు దాకా నడిచిందట. అందుకని కొడుకు మోటారుసైకిలు మీద రోడ్లన్నీ వెతకడానికి వెళ్ళాడు. మావయ్య వ్యానులో, నేను స్కూటరు మీద మందిరానికి వచ్చాం. తలుపులన్నింటికీ తాళాలు. తాళాలు వేసే ఆయన ఇల్లు పక్క సందులోనే. నేను పరిగెత్తి తాళంచెవులు తెచ్చాను. మావయ్య అప్పటికే గోడ చుట్టూ తిరుగుతూ, "మామ్మగారూ! మామ్మగారూ!" అని వానలో అరుస్తున్నారు. వ్యానులోంచి ఆ పెద్దాయన కూడా తల బయటపెట్టి, ఎవరికోసమో తెలియకపోయినా తన వంతుగా "మామ్మగారూ" అని కేకలేస్తున్నాడు. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు ఏడుపొచ్చింది.

గిన్నెలు కడిగే గదికి బయటినుంచి గడియ పెట్టి ఉంది, తాళాలాయన లోపలికి తొంగి చూడకుండానే పెట్టేసినట్టున్నాడు. రేకుల కప్పు మీద వాన చప్పుడుకి, లోపలినుంచి ఎంత కొట్టినా ఎవరికి వినపడుతుంది? తలుపు తీశాం. మామ్మ గోడకానుకుని నిలబడి ఉంది. కడిగిన గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. దాదాపు రెండు గంటలు అలాగే ఉన్నట్టుంది. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి, కాళ్ళకింద నేలా తడిసింది. లోపలికి చినుకు రాని గది అది. ఆ వయసులో రెండు గంటలు ఆపుకోవడం ఎవరి తరం, విషయం నాకు అర్థమైంది. ఆవిడ సిగ్గుతో మొహం అటు తిప్పేసుకుంది.

అప్పుడే వాకిట్లో మోటారుసైకిలు ఆగిన చప్పుడు. కొడుకు వస్తున్నాడు, వెనకే తాళాలాయన, ఇంకో ఇద్దరు.

మావయ్య ఒక్క క్షణం ఆగారు. మూల ఉన్న నీళ్ళ బకెట్టు వైపు చూశారు. రెండడుగులు వేసి, కాలితో ఒక్క తన్ను తన్నారు. నీళ్ళు గదంతా పారాయి, మామ్మ కుచ్చెళ్ళ మీదుగా, నా కాళ్ళ మీదుగా. "అయ్యో, నా చూపు మండ! మామ్మగారిని పట్టుకోబోయి బకెట్టు తన్నేశాను, నిలువునా తడిపేశాను" అని పెద్ద గొంతుతో అన్నారు. తన రెయిన్‌కోటు విప్పి ఆవిడ భుజాల చుట్టూ కప్పారు. గుమ్మంలోకి వచ్చిన కొడుకుకి కనపడింది అదే: తడిసి వణుకుతున్న తల్లి, బోర్లాపడ్డ బకెట్టు, పక్కన మా మావయ్య.

అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తల్లి కోసం వానలో తిరిగి వచ్చిన మనిషి, అతన్నీ తప్పుపట్టలేను. "మా అమ్మని మీ చేతుల్లో పెట్టి పంపుతున్నాను. గదిలో వేసి తాళం పెట్టించారు, అది చాలక నెత్తిన నీళ్ళు కూడా పోశారా? ఇక మీ వ్యానూ వద్దు, మీ మందిరమూ వద్దు" అన్నాడు. మావయ్య తలదించుకుని నిలబడ్డారు. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక చూపు చూశారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా చూడ్డం అదొక్కసారే. నోరు మూసుకున్నాను.

వీధులన్నీ వెతికి అప్పుడే క్లినిక్కు ముందుకి తిరిగొచ్చింది ఆ పెద్దాయన కూతురు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. తండ్రి వ్యాను దిగుతుంటే పరిగెత్తుకొచ్చింది. "బాగా తిప్పారమ్మా, ఊరంతా చూపించారు" అన్నాడాయన. ఆ అమ్మాయి మావయ్య చేతులు పట్టుకుని, "మా నాన్నని భద్రంగా తెచ్చారు, మీ మేలు మర్చిపోలేను" అంది. తిట్లు తిన్నప్పుడు నిలబడ్డ మనిషి, ఆ మాటకి వ్యాను మెట్టు మీద కూలబడ్డారు.

మర్నాడు పొద్దున వెళ్ళి పాస్టరుగారికి తాళాలు ఇచ్చేసి వచ్చారు. ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఇంటికొచ్చి నాతో అన్నారు, "మామ్మ అక్కడ తలుపు కొడుతూనే ఉంది అమ్మాయ్. నేను మాత్రం లెక్క సరిపోయిందని నిశ్చింతగా ఊరంతా తిరిగాను." నేను జరిగింది జరిగిపోయిందని ఏదో అన్నాను. "దేవుడు మనల్ని కాపరిలా కాస్తాడని పాడతాం కదా" అన్నారు, "కాసే పనిలో కాస్త పని నాకిచ్చాడు. నేనిలా చేశాను. ఇక ఆ పాట పాడ్డానికి నాకు మొహం చెల్లదు." అన్నట్టే, తర్వాతి ఆదివారం ఆ పాట వచ్చినప్పుడు ఆయన పెదవులు కదలలేదు.

అయితే ఆ ఆదివారం ఆయన నిద్రపోలేదు. నేను వెనక్కి తిరిగి చూస్తే కళ్ళు తెరుచుకుని, మోకాలి మీద మా అబ్బాయి పాత నోట్సు పెట్టుకుని రాసుకుంటున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి గురకకి అలవాటుపడ్డ పాస్టరుగారు రెండుసార్లు తడబడ్డారు. ఆరాధన అయ్యాక మావయ్య నడిచి బొత్తాల మామ్మ ఇంటికి వెళ్ళారు. కొడుకు తలుపు తీసి, చూసి, మూసేశాడు. ఈయన పక్కకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. లోపల కుర్చీలో మామ్మ. కొడుకు కిటికీ మాత్రం మూయలేదు, అదీ అతని మంచితనం. అక్కడ నిలబడి, నోట్సు చూసుకుంటూ ఆ వారం ప్రసంగం మొత్తం ఆవిడకి అప్పజెప్పి వచ్చారు.

ప్రతి ఆదివారం అదే. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. ఆయన ప్రసంగం పాస్టరుగారు వింటే కళ్ళు తిరిగేవి. ప్రవక్తలూ రాజులూ అందరూ ఆయన నోట్లో పడి డ్రైవర్లూ సూపర్‌వైజర్లూ అయ్యారు. "ఆ రాజు ఉన్నాడే, మా డిపో మేనేజరు లాంటివాడు మామ్మగారూ, చెప్పేదొకటి చేసేదొకటి." మామ్మ పడీ పడీ నవ్వేది. మధ్యలో ఆపి అనుమానాలు అడిగేది. జవాబు తెలియకపోతే ఈయన మధ్యవారంలో పాస్టరుగారిని అడిగి తెలుసుకుని వచ్చేవారు. పాస్టరుగారికీ తీరిక తక్కువే. వ్యాను ఇప్పుడు ఆయనే నడుపుతున్నారు. ముసలివాళ్ళని తెచ్చేసరికి ఆరాధనకి ఆలస్యం, చెమటలు కక్కుతూ వచ్చి నిలబడేవారు, ప్రసంగం సగానికి సగం తగ్గింది. సంఘంలో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదనుకోండి.

నేను వెంట వెళ్ళిన ఒక ఆదివారం తప్పిపోయిన గొర్రె వాక్యం వచ్చింది. కిటికీ దగ్గర మావయ్య చెప్పాల్సింది చెప్పి, నోట్సు మూసి, ఆగారు. "నాదొక సందేహం మామ్మగారూ. వంద గొర్రెల్లో ఒకటి తప్పిపోయింది, సరే. పరాయి గొర్రె ఒకటి వచ్చి మందలో కలిసి ఉంటే? వందకి వందా ఉంటాయి కదా. అప్పుడు కాపరికి ఎలా తెలిసేది?"

మామ్మ వెంటనే జవాబు చెప్పింది, అదేదో పాత సంగతిలా. "మా ఫ్యాక్టరీలో అరవై మిషన్లు అబ్బాయ్. తలెత్తితే కేకలేసేవాళ్ళు. అయినా నా వరసలో ఎవరు రాలేదో తలెత్తకుండానే తెలిసేది. ఒక్కొక్కత్తె మిషను ఒక్కోలా కొట్టుకునేది. ఆ చప్పుడు లేకపోతే పని సాగేది కాదు నాకు. ఇంకొకత్తె వచ్చి ఆ మిషను మీద కూర్చున్నా సరే, ఆ చప్పుడు వేరే. ఆయనా అంతే అయ్యుంటుంది. ఆయనకి లెక్కలతో పనేముంది?"

మావయ్య నోట్సు జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "ఆ గదిలో భయపడ్డారా?" అని అడిగారు. మూడు నెలలుగా ఆయన అడగలేక మింగుతున్న మాట అది.

"భయపడకపోవడమేం? ఆయన ఉన్నాడు, ఆయన ఉన్నాడు అని నోటితో అంటూనే ఉన్నాను. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. కాసేపైతే ఆయన లేడు కాబోలు అని కూడా అనుకున్నాను. తర్వాత నీ గొంతు వినపడింది. ఆయన ఎవర్నో ఒకర్ని పంపాలి కదా. ఇంకాస్త తెలివైనవాణ్ణి పంపొచ్చు. నువ్వే దొరికావు." మామ్మ నవ్వి, నవ్వు ఆపేసింది. గొంతు తగ్గించింది. "బకెట్టు పొరపాటున పడలేదని నాకు తెలుసు. చూపు లేనిదాన్నేగానీ బుర్ర లేనిదాన్ని కాదు. నువ్వు రెండడుగులు వేసి తన్నిన చప్పుడు విన్నాను. సిగ్గుతో నోరు మూసుకున్నాను అబ్బాయ్. నా సిగ్గు దాచుకోవడానికి నిన్ను తిట్లు తిననిచ్చాను. తప్పు నాది కూడా."

"ఊరుకోండి మామ్మగారూ" అన్నారు మావయ్య, కొడుకు వింటాడేమోనని కంగారుగా కిటికీ లోపలికి చూస్తూ.

అప్పటికి మా ఇంట్లో ఇంకో తంతు నడుస్తోంది. రాత్రి భోజనాలయ్యాక మావయ్య నన్ను కూర్చోబెట్టి ఆ పదకొండు మంది పేర్లూ అడిగి రాసుకున్నారు. ఎవరి పేరేమిటి, ఎవరికి ఏ జబ్బు, ఎవరి మనవడికి ఏం పరీక్ష. స్కూలు పిల్లాడిలా వల్లెవేసేవారు. తప్పు చెబితే మా అబ్బాయి దిద్దేవాడు. "వ్యాను తాళాలు ఇచ్చేశారు కదా, ఇప్పుడెందుకు మావయ్యా ఈ చదువు?" అన్నాను. "నాలుగేళ్ళు పేరు తెలియకుండా మోశాను కదమ్మా, అందుకు" అన్నారు.

కిటికీ దగ్గర ఆ మాటలైన ఆరు రోజులకి, శనివారం సాయంత్రం మామ్మ కొడుకు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మ అంతా చెప్పింది" అన్నాడు. జేబులోంచి వ్యాను తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. "పాస్టరుగారిని అడిగి తెచ్చాను. రెండు చేతులా ఇచ్చారు. రేపు అమ్మ వస్తుంది. మీరు నడిపితేనే."

అతను వెళ్ళాక మావయ్య ఆ తాళాలు ముట్టుకోలేదు. బల్లకి ఇవతల కూర్చుని చూస్తూ ఉన్నారు. "మళ్ళీ తప్పితే అమ్మాయ్?" అన్నారు. ఈసారి నా నోరు నా మాట వింది. "తప్పితే ఇద్దరం వెళ్ళి వెతుకుదాం మావయ్యా. నేనూ వస్తాను" అన్నాను. తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆదివారం ఆరాధన అయింది. టీలయ్యాయి. మామ్మ గ్లాసు కడుక్కుంటుంటే నేను గుమ్మంలోనే నిలబడి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మూల సీట్లో కూర్చోబెట్టాను. మావయ్య వ్యాను తలుపు దగ్గరికి వచ్చారు. కమ్మీలు తట్టలేదు. నోట్సు జేబులో ఉన్నా తియ్యలేదు. ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. పచ్చగేటావిడ తన పేరు విని ఉలిక్కిపడి, "ఆయ్, ఉన్నాను" అంది. రెండో మలుపాయనకి చెవుడు, మూడుసార్లు పిలవాల్సొచ్చింది. నాలుగోసారి అవసరం లేకపోయినా పక్కవాళ్ళంతా కలిసి పిలిచారు. చివరికి మామ్మ పేరు. "ఇదుగో, ఇక్కడ" అంది మామ్మ.

మావయ్య ఊపిరి వదిలి తలుపు మీద చెయ్యి వేశారు.

"ఆగు" అంది మామ్మ. "ఒకళ్ళు తక్కువ."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మళ్ళీ మొదటినుంచి మొహాలన్నీ చూశారు, పెదాలు కదుపుతూ పేర్లన్నీ చెప్పుకున్నారు. "అందరూ ఉన్నారు మామ్మగారూ. నేను చూశాను, ఒక్కొక్కర్నీ చూశాను."

"లేరు. ఒకళ్ళని ఎవరూ పిలవలేదు" అంది మామ్మ. మూల సీట్లోంచి ముందుకి వంగి, కనపడని కళ్ళతో తలుపు దగ్గరి ఆకారం వైపు తిరిగి, మా మావయ్యని పేరు పెట్టి పిలిచింది.

పొద్దున మెట్లెక్కిస్తుంటే నా చెవిలో అడిగి తెలుసుకున్న పేరు అది. ఎందుకడిగిందో నాకప్పుడు తట్టలేదు. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఏమండీ అనేది. ఫ్యాక్టరీలో డ్రైవరు, మా ఆయనకి నాన్న, నాకు మావయ్య. ఆయన్ని కన్న తల్లి పోయాక ఈ భూమ్మీద ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మావయ్య కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి.

"పలకవేం?" అని మామ్మ గదమాయించి, రెండోసారి పిలిచింది.

"ఉన్నానమ్మా" అన్నారు మావయ్య.

అప్పుడు గానీ ఆవిడ తలుపు మూయనివ్వలేదు.